తప్పు జవాబులో ఉన్న సరుకు



ఎవరి పేరిట సభ జరుగుతోందో వారి గుణగణాలతో స్మారకోపన్యాసం మొదలుపెట్టడం ఆనవాయితీ. ఈ సభ జరుగుతున్నది మన ఫిజిక్స్ మాస్టారి పేరిట; ఆయన దగ్గర చదువుకున్నవాళ్లు ఈ హాల్లో సగం మంది ఉన్నారు. మీ ముందు ఆయన గురించి నేను చెప్పబోతే తాతకు దగ్గులు నేర్పినట్టే ఉంటుంది. ఈ సభ జరిపే ట్రస్టువారు నన్ను అడిగిన పని వేరే. పిల్లల బుర్రలో ఒక భావన ఎలా కుదురుకుంటుంది, ఆ సంగతి మీద ప్రపంచంలో ఏం పని జరిగింది, అందులో బడిలో పాఠం చెప్పేవాళ్లకు పనికొచ్చేది ఏమిటి అన్నది చెప్పమన్నారు.

ఈ ప్రశ్న మీద జీవితాలు ధారపోసినవాళ్లు చాలామంది ఉన్నారు. అందరి పేర్లూ అప్పజెబితే మీకు పేర్లే మిగులుతాయి, విషయం మిగలదు. అందుకని ఒక్కరి పనినే ఎంచుకున్నాను. ఆయన ఆండ్రియా డిసెస్సా. అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్కిలీ ప్రాంగణంలో విద్యాశాస్త్ర ఆచార్యులుగా పనిచేశారు. ఆయన చెప్పిన దాన్ని నా మాటల్లో కుదిస్తే ఇది: పిల్లవాడి తప్పు జవాబు పనికిమాలిన సరుకుతో కట్టింది కాదు, మంచి సరుకునే చోటు తప్పించి వాడింది. వినడానికి చిన్న మాటే. దీన్ని నిజంగా నమ్మితే మాత్రం మనం పాఠం చెప్పే తీరూ మారాలి, పేపర్లు దిద్దే తీరూ మారాలి.

తాబేలుకు ఒక తన్ను

డిసెస్సా ఫిజిక్స్ నుంచి విద్యాశాస్త్రానికి వచ్చినవారు. 1975లో ఎం.ఐ.టి.లో భౌతికశాస్త్రంలో పీహెచ్‌డీ చేశారు. అక్కడే సీమోర్ పాపర్ట్ బృందంలో పనిచేశారు. పాపర్ట్ జెనీవాలో మనస్తత్వవేత్త పియాజే దగ్గర కొన్నేళ్లు ఉండి వచ్చినవారు. 1967లో సహచరులతో కలిసి పిల్లల కోసం లోగో అనే కంప్యూటర్ భాషను తయారుచేశారు. అందులో తెర మీద తాబేలు ఉంటుంది. ఇన్ని అడుగులు ముందుకు, ఇన్ని డిగ్రీలు కుడికి అని చెబితే గీత గీసుకుంటూ పోతుంది. బడిలో కంప్యూటర్ పాఠాల్లో దాన్ని ఆడించినవాళ్లు మీలోనూ ఉండి ఉంటారు. ఆ తాబేలుతో ఎంత గణితం చెప్పవచ్చో చూపిస్తూ డిసెస్సా, హెరాల్డ్ ఏబెల్సన్ కలిసి 1981లో 'టర్టిల్ జామెట్రీ' అనే పుస్తకమే రాశారు.

డిసెస్సా ఆ తాబేలును న్యూటన్ లోకంలో వదిలారు. ఈ కొత్త తాబేలుకు డైనాటర్టిల్ అని పేరు. ఇది అడుగులు వెయ్యదు. దాన్ని కుడికో ఎడమకో తిప్పవచ్చు, తన్నవచ్చు. తన్నితే అప్పుడు ఎటు తిరిగి ఉందో అటువైపు కొంత వేగం దానికి జతపడుతుంది. ఘర్షణ లేదు కాబట్టి ఇక ఆగదు. తాబేలు వెళ్లి తెర మీద ఒక గురిని తాకాలి, తాకేటప్పుడు వేగం వీలైనంత తక్కువ ఉండాలి. ఇదీ ఆట.

ఆరో తరగతి పిల్లలు ఆడారు. తాబేలు నిట్టనిలువుగా పైకి పోతోంది. గురి కుడి పక్కన ఉంది. పిల్లలు ఓపిగ్గా కాచుకున్నారు. తాబేలు సరిగ్గా గురికి ఎదురుగా వచ్చేసరికి కుడికి తొంభై డిగ్రీలు తిప్పి తన్నారు. ఇక తిన్నగా పోయి గురిని తాకుతుందని వాళ్ల ధీమా. తాబేలు ఏటవాలుగా పైకి పోయింది. అది అప్పటికే పైకి పోతోంది కదా, ఆ వేగం ఎక్కడికి పోతుంది? పాత వేగమూ కొత్త వేగమూ కలిసి మూలకు లాగాయి. పిల్లలు మళ్లీ ఆడారు. మళ్లీ అలాగే కాచుకుని అలాగే తన్నారు. ఎటు తన్నితే అటే పోవాలన్నది వాళ్ల లెక్క.

పిల్లలు కదా, నేర్చుకోలేదు కదా అనుకోవచ్చు. 1982లో 'కాగ్నిటివ్ సైన్స్' పత్రికలో ఈ ప్రయోగం గురించి రాసిన వ్యాసంలో డిసెస్సా మరొకరి ఆటను కూడా వివరించారు. ఆమె ఎం.ఐ.టి. విద్యార్థిని. వ్యాసంలో జేన్ అని పిలిచారు. సదిశల సంకలనం ఆమెకు కొత్త కాదు. కాగితం మీద అడిగితే చేయగలదు. ఆ అమ్మాయి కూడా తాబేలును గురికి ఎదురుగా వచ్చేదాకా ఉంచి, తిప్పి తన్నింది. చదువుకున్న సూత్రం ఆ క్షణాన ఆమెకు అక్కరకు రాలేదు.

సూత్రం రావడం వేరు, అవసరానికి తట్టడం వేరు. ఇది మనందరికీ అనుభవమే. డిసెస్సా ఇక్కడితో ఆగలేదు. సూత్రం తట్టనప్పుడు దాని స్థానంలో తట్టింది ఏమిటి అని అడిగారు. ఎటు తోస్తే అటు పోతుందన్నది మూఢనమ్మకం కాదు. బల్ల మీద గ్లాసును తోస్తే తోసినవైపే జరుగుతుంది. తలుపు తోస్తే తోసినవైపే తెరుచుకుంటుంది. ఆగి ఉన్న వస్తువు విషయంలో న్యూటన్ చెప్పేదీ అదే. చిన్నప్పటి నుంచీ వేలసార్లు నిజమైన సంగతి అది. తాబేలు అప్పటికే కదులుతోంది కాబట్టి ఇక్కడ మాత్రం అది చాలలేదు.

బంతి శిఖరాన ఉన్నప్పుడు

ఇంకొక ఉదాహరణను దగ్గర నుంచి చూద్దాం. డిసెస్సా సుదీర్ఘంగా మాట్లాడించిన ఒక కాలేజీ విద్యార్థిని ఉంది. ఆయన రాతల్లో ఆమె పేరు ఒక్క అక్షరమే, జె. బంతిని పైకి ఎగరేస్తే ఏం జరుగుతుందో చెప్పమన్నారు. ఆమె చక్కగా చెప్పింది. చేయి వదిలాక బంతి మీద పనిచేసేది గురుత్వాకర్షణ ఒక్కటే, అది వేగాన్ని తగ్గిస్తూ పోతుంది, వేగం సున్నా అయ్యాక బంతి కిందికి వస్తుంది అంది. మన పరీక్షలో అయితే ఫుల్ మార్కులు వేసి పేజీ తిప్పేస్తాం.

డిసెస్సా పేజీ తిప్పలేదు. సరే, బంతి బాగా పైకి వెళ్లినప్పుడు, ఆ శిఖరం దగ్గర ఏం జరుగుతోంది అని అడిగారు. అక్కడ జె కథ మారిపోయింది. చేయి ఇచ్చిన బలం బంతిని పైకి తీసుకెళ్తోంది, గురుత్వాకర్షణ కిందికి లాగుతోంది, శిఖరం దగ్గర రెండూ సరిసమానం అవుతాయి, తర్వాత గురుత్వాకర్షణది పైచేయి అవుతుంది. ఇలా సాగింది ఆమె రెండో వివరణ. నిమిషం క్రితం ఒక్క బలమే ఉందన్న మనిషి ఇప్పుడు రెండు బలాల మధ్య పోటీ పెట్టింది.

ఎందుకు? బంతి శిఖరాన ఒక్క క్షణం నిలబడ్డట్టు కనిపిస్తుంది. కదలకుండా నిలబడి ఉన్నదంటే రెండు వైపులా సమానమైన లాగుడు ఉండాలి. తాడాటలో తాడు కదలకపోతే రెండు జట్లూ సమంగా లాగుతున్నట్టే కదా. త్రాసు ముల్లు మధ్యలో నిలిచిందంటే రెండు పళ్లాలూ సమానమే కదా. ఈ సమతూకం అన్న ఆలోచన అబద్ధం కాదు. 'శిఖరం' అన్న మాట వినగానే అది పైకి లేచింది. దాన్ని నిలబెట్టడానికి ఇంకో బలం కావలసి వచ్చి, వదిలేసిన చేతి బలాన్ని మళ్లీ పిలుచుకొచ్చింది.

జెకు బంతి గురించి తెలుసా, తెలియదా? ఈ ప్రశ్నకు అవుననీ కాదనీ చెప్పలేం. మొదటి ప్రశ్నకు ఒక రకమైన తెలివిడి మేలుకొంది, రెండో ప్రశ్నకు మరొకటి మేలుకొంది. ఏ ప్రశ్నకు ఏది మేలుకుంటుందన్న దగ్గరే చదువు గుట్టంతా ఉందంటారు డిసెస్సా.

అనుభవ శకలాలు

ఆయన ఈ సిద్ధాంతాన్ని 1988లో ఒక వ్యాసంలో 'నాలెడ్జ్ ఇన్ పీసెస్' అన్న పేరుతో ప్రతిపాదించారు. 1993లో 'కాగ్నిషన్ అండ్ ఇన్‌స్ట్రక్షన్' పత్రికలో నూరు పేజీలు దాటిన వ్యాసంలో విస్తరించారు. ఇలా అనుభవం నుంచి నేరుగా ఏరుకున్న చిన్నచిన్న తెలివిడులను ఫినామినలాజికల్ ప్రిమిటివ్స్ అన్నారు. ఆ రంగంలోవాళ్లు పొట్టిగా పి-ప్రిమ్స్ అంటారు. ఈ ప్రసంగం వరకు మనం అనుభవ శకలాలు అందాం. వీటి లక్షణం ఏమిటంటే, మనిషి వీటికి కారణం వెతకడు. 'అది అంతే కదా' అనిపిస్తే చాలు, ప్రశ్న అక్కడ ముగుస్తుంది.

ఎంత గట్టిగా తోస్తే అంత ఫలితం, ఎంత అడ్డు ఉంటే అంత తక్కువ ఫలితం. ఇది ఒక శకలం. డిసెస్సా దీనికి ఓమ్ పేరు పెట్టారు, ఎందుకంటే విద్యుత్తు పాఠంలో ఓమ్ నియమం పిల్లలకు సులువుగా ఎక్కేది దీని ఆసరాతోనే. బండి తోసిన ప్రతివాడికీ ఇది తెలుసు. దీన్ని పరీక్షించడానికి ఆయన వాడిన ఒక ప్రశ్న సరదాగా ఉంటుంది. వాక్యూమ్ క్లీనర్ నడుస్తుండగా దాని మూతికి అరచేయి అడ్డం పెడితే మోత ఎలా మారుతుంది? చాలామంది, అడ్డు వచ్చింది కాబట్టి మోటారు కష్టపడుతుంది, నెమ్మదిస్తుంది అంటారు. నిజానికి కూత హెచ్చుతుంది. గాలి రావడం ఆగిపోయింది, ఫ్యాను తోయాల్సిన గాలి లేదు, పని తగ్గిన మోటారు ఇంకా జోరుగా తిరుగుతుంది. కూత పెరగడం విన్నవాళ్లలో కొందరు వెంటనే, మోటారు ఎక్కువ కష్టపడుతోంది కాబట్టే ఆ కూత అని అదే శకలంతో సర్దిచెప్పుకుంటారు.

ఇలాంటి మరో శకలం: దగ్గరయ్యేకొద్దీ ఎక్కువ. చలిమంటకు దగ్గరగా జరిగితే వెచ్చన, దీపానికి దగ్గరైతే వెలుతురు, గుడి మైకు దగ్గరికి పోతే చెవులు గింగురుమంటాయి. ఉపాధ్యాయ శిక్షణల్లో నేను తరచు అడిగే ప్రశ్న ఒకటుంది. ఎండాకాలం ఎందుకు వస్తుంది? భూమి సూర్యుడికి దగ్గరగా వస్తుంది కాబట్టి అన్న జవాబు హాలు నలుమూలల నుంచీ వస్తుంది. మనవాళ్లను చిన్నబుచ్చడానికి చెప్పడం లేదు. 1987లో 'ఎ ప్రైవేట్ యూనివర్స్' అనే డాక్యుమెంటరీ తీసినవాళ్లు హార్వర్డ్ స్నాతకోత్సవం రోజున రుతువులు, చంద్రకళలు ఎందుకు ఏర్పడతాయో 23 మందిని అడిగితే 21 మంది తడబడ్డారు. నిజానికి భూమి సూర్యుడికి అతి దగ్గరగా వచ్చేది జనవరి మొదట్లో, సుమారు 14.7 కోట్ల కిలోమీటర్ల దూరానికి. అతి దూరంగా పోయేది జులై మొదట్లో, సుమారు 15.2 కోట్ల కిలోమీటర్లకు. మనం స్వెట్టర్లు వేసుకునే రోజుల్లోనే సూర్యుడు మనకు దగ్గర.

ఆ జవాబు చెప్పిన మనిషి బుర్రలో రుతువుల మీద ఒక తప్పుడు సిద్ధాంతం ఏళ్ల తరబడి పాతుకుని ఉందా? డిసెస్సా చూపుతో చూస్తే అలా ఉండనక్కర్లేదు. అతను బహుశా ఆ ప్రశ్న గురించి అంతకు ముందు ఆలోచించనే లేదు. అడిగినప్పుడు చేతికందిన శకలంతో జవాబు అప్పటికప్పుడు అల్లాడు. దానికి సాక్ష్యం ఏమిటంటే, అదే మనిషిని ఇంకో ప్రశ్న అడగండి. డిసెంబర్ 26న మెల్‌బోర్న్‌లో మొదలయ్యే టెస్టు మ్యాచ్‌లో జనం టోపీలు, చలువ కళ్లద్దాలు పెట్టుకుని ఎందుకు కూర్చుంటారు? ఒక్క క్షణం ఆగుతాడు. అక్కడ ఎండాకాలం కదా, అంటే భూమి మొత్తం దగ్గరికి రావడం కాదన్నమాట అని తనే సర్దుకుంటాడు. పాతుకున్న సిద్ధాంతమే అయితే అంత తేలిగ్గా ఊడివస్తుందా?

ఎదుటి పక్షం, హైదరాబాద్ పిల్లలు

ఇప్పుడు ఎదుటి పక్షం వాదన కూడా వినాలి. 1980ల్లో ఈ రంగంలో బలంగా ఉన్న మాట వేరు. కార్నెల్ విశ్వవిద్యాలయం నుంచి పోస్నర్, స్ట్రైక్, హ్యూసన్, గెర్ట్‌జోగ్ 1982లో రాసిన వ్యాసం ప్రకారం విద్యార్థి ఒక భావన నుంచి మరో భావనకు మారడం శాస్త్రవేత్తలు పాత సిద్ధాంతాన్ని వదిలి కొత్తదాన్ని పట్టుకోవడం లాంటిది. ముందు పాతదాని మీద అసంతృప్తి కలగాలి, కొత్తది అర్థం కావాలి, నమ్మబుద్ధి కావాలి, పనికిరావాలి. మైకేల్ మెక్‌క్లాస్కీ 1983లో మరో అడుగు ముందుకేసి, మామూలు మనుషుల బుర్రల్లో మధ్యయుగాల నాటి సిద్ధాంతం లాంటిదే ఉందన్నారు. విసిరిన వస్తువులో విసురు నిండి ఉంటుంది, అది అయిపోగానే వస్తువు ఆగిపోతుందన్నది ఆ సిద్ధాంతం. వంపు తిరిగిన గొట్టంలోంచి బయటపడిన గోళీ ఎలా పోతుందో గీయమంటే, బయటికొచ్చాక కూడా వంపు తిరుగుతూనే పోతుందని చాలామంది గీశారు. అసలు అది సరళరేఖలో పోతుంది.

1986లో కైజర్, జోనైడ్స్, అలెగ్జాండర్ అనే పరిశోధకులు ఆ ప్రశ్ననే కొంచెం మార్చి అడిగారు. గోళీ బదులు వంపు తిరిగిన గొట్టంలోంచి నీళ్లు వస్తే? గోళీని వంకరగా గీసినవాళ్లలో చాలామంది నీళ్లను మాత్రం తిన్నగా గీశారు. తోటలో నీళ్లు పట్టే పైపు వాళ్ల కళ్లెదుట ఉంది. ఒకే సిద్ధాంతం రెండు చోట్లా పనిచేస్తుంటే ఈ తేడా రాకూడదు.

ఎదుటి పక్షంలో అందరికన్నా గట్టి వాదన స్టెల్లా వోస్నియాడూది. 1992లో ఆమె విలియం బ్రూవర్‌తో కలిసి అమెరికా పిల్లలను భూమి ఆకారం గురించి ప్రశ్నించారు. కొందరు పిల్లల భూమి గుండ్రంగానే ఉంది, కానీ లోపల డొల్ల, మనుషులు ఆ డొల్లలో నేల మీద ఉంటారు. కొందరికి భూములు రెండు, ఒకటి ఆకాశంలో గుండ్రంగా, ఒకటి కాళ్ల కింద చదునుగా. నేల చదునుగా కనిపిస్తుంది, ఆధారం లేనిది కింద పడుతుంది అనే రెండు గట్టి నమ్మకాల మీద బడి చెప్పిన 'గుండ్రం' అన్న మాట వచ్చి పడితే, రెంటినీ కలిపి పిల్లలు పొందికైన బొమ్మ కట్టుకుంటారని వాళ్ల వివరణ. 1996లో ఆలా సమరపుంగవన్‌తో కలిసి ఇదే పరిశోధన చేసింది మన హైదరాబాద్ పిల్లల మీద. ఇక్కడి పిల్లల్లో చాలామంది భూమి నీళ్ల మీద ఉందన్నారు. చుట్టూ సముద్రాలు, నీళ్ల మీద తేలే నేల మన పురాణాల్లోనివే కదా. భూమి పడిపోకుండా ఉండాలంటే ఆధారం కావాలి, ఆ ఆధారాన్ని పిల్లలు ఇంట్లో విన్న కథల్లోంచి తెచ్చుకున్నారు.

దీన్ని పొందికైన సిద్ధాంతం అనాలా, శకలాల కూర్పు అనాలా? ఇంగ్లండ్‌లో గావిన్ నోబ్స్, ఆయన సహచరులు 2003లో ప్రచురించిన పరిశోధనలో, బొమ్మ గీయమనకుండా సిద్ధంగా ఉన్న ఆకృతుల్లోంచి ఎంచుకోమన్నారు. అప్పుడు ఆ పొందికైన వింత భూములు చాలావరకు కనిపించలేదు, విడివిడి తెలివిడులే కనిపించాయి. డిసెస్సా కూడా 2004లో వోస్నియాడూ బృందం గ్రీస్ పిల్లలతో 'బలం' అన్న భావన మీద చేసిన పరిశోధనను అమెరికా పిల్లలతో తిరిగి చేసి చూశారు. గ్రీస్‌లో కనిపించిన పొందిక అక్కడ దొరకలేదు. వోస్నియాడూ పక్షం ఒప్పుకోలేదు. పోట్లాట ముగియలేదు.

నా అభిప్రాయం అడిగితే, ఈ పోట్లాటలో ఉపాధ్యాయుడికి ఒక లాభం ఉంది. హైదరాబాద్ పిల్లాడు నీళ్ల మీద భూమి అన్నప్పుడు అది సిద్ధాంతమైనా, అప్పటికప్పుడు అల్లిన కథైనా, 'ఆధారం లేనిది పడిపోతుంది' అన్న మాట వాడిదే, అది నిజమే కూడా. ఆ మాటను కొట్టేస్తే గురుత్వాకర్షణ పాఠానికి పునాది కూడా పోతుంది. 'పడిపోవడం అంటే ఎటు పోవడం?' అని వాణ్ణి అడగడం నుంచి పాఠం మొదలుపెట్టవచ్చు. కింద అన్నది భూమి కేంద్రం వైపు అని తేలిన రోజున వాడి పాత తెలివిడి అలాగే ఉంటుంది, దాని అర్థం మాత్రం విశాలమవుతుంది.

బల్ల వంగిన వేళ

ఈ ఆలోచన బడిలో ఎలా ఉంటుందో చూపడానికి జిమ్ మిన్‌స్ట్రెల్ పాఠం కన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు. ఆయన వాషింగ్టన్ రాష్ట్రంలో మెర్సర్ ఐలండ్ హైస్కూల్లో ఫిజిక్స్ మాస్టారుగా పనిచేశారు. రోజూ పాఠం చెబుతూనే పరిశోధన చేశారు. డిసెస్సాతో కలిసి రాశారు కూడా.

బల్ల మీద పుస్తకం ఉంది. దాని మీద ఏయే బలాలు పనిచేస్తున్నాయి? పిల్లలు గురుత్వాకర్షణ అంటారు. బల్ల పుస్తకాన్ని పైకి నెడుతోందా అంటే నవ్వుతారు. బల్ల ఎక్కడైనా నెడుతుందా? ఊరికే అడ్డం ఉంటుందంతే. అడ్డం ఉండటం అన్నది కూడా ఒక శకలమే. గోడ మనల్ని నెట్టదు, దారికి అడ్డంగా ఉంటుంది.

మిన్‌స్ట్రెల్ 'మూడో నియమం ప్రకారం' అని బోర్డు మీద రాయలేదు. పుస్తకాన్ని ఒక పిల్లాడి చాచిన అరచేతిలో పెట్టారు. ఇప్పుడు చేయి నెడుతోందా? నెడుతోంది, బరువు తెలుస్తోంది. పుస్తకాల దొంతర పెంచారు, చేతి కష్టమూ పెరిగింది. పుస్తకాన్ని స్ప్రింగుకు వేలాడదీశారు. స్ప్రింగు సాగింది, సాగినకొద్దీ లాగుతోంది. చేయి నెడుతుందని ఒప్పుకున్నారు, స్ప్రింగు లాగుతుందని ఒప్పుకున్నారు. మరి బల్ల? అది గట్టిది, సాగదు, వంగదు. అప్పుడు బల్ల మీద అద్దం పెట్టి, దాని మీద కాంతి పుంజం వేసి, ప్రతిఫలించిన వెలుగు చుక్క దూరంగా గోడ మీద పడేలా చేశారు. బల్ల మీద బరువు మోపితే గోడ మీది చుక్క కదిలింది. బల్ల వంగింది. కంటికి కనిపించనంత కొంచెమే, కానీ వంగింది. అంటే బల్ల కూడా ఒక బిగుతైన స్ప్రింగే.

ఇక్కడ పిల్లల పాత తెలివిడిని ఆయన ఎక్కడా కొట్టేయలేదు. 'సాగింది తిరిగి లాగుతుంది' అన్న శకలం వాళ్లలో ఎప్పటినుంచో ఉంది. దాన్ని చేతి నుంచి స్ప్రింగుకు, స్ప్రింగు నుంచి బల్లకు నడిపించారు. తరగతి మొత్తం వాదించుకుంటూ ముందుకు సాగింది. డిసెస్సా, బ్రూస్ షెరిన్ 1998లో రాసిన వ్యాసం సారం కూడా దీనికి దగ్గరే. బలం అన్న భావన రావడం అంటే దాని నిర్వచనం రావడం కాదు. సాగిన స్ప్రింగులో, వంగిన బల్లలో, పడుతున్న బంతిలో, బిగిసిన తాడులో, ఒకదానికొకటి పోలికలేని చోట్లలో ఆ ఒక్క సంగతినే చూడగలగడం. అందుకే భావన ఒక్క పీరియడ్‌లో రాదు. ఒక్కో చోటికి ఒక్కోసారి తీసుకెళ్లి చూపించాలి.

పిల్లల్లో ఉన్న సరుకు ఎంతటిదో చూపే మరో ఉదాహరణ 1991లో డిసెస్సా, డేవిడ్ హామర్, బ్రూస్ షెరిన్, టీనా కోల్‌పకోవ్‌స్కీ కలిసి రాసిన వ్యాసంలో ఉంది. ఆరో తరగతి పిల్లలకు కథ చెప్పారు. ఒకాయన ఎడారిలో కారు నడుపుతున్నాడు, దాహంగా ఉంది, నాగజెముడు కనిపించగానే ఠక్కున ఆపి నీళ్లు తాగాడు, మళ్లీ కారెక్కి నెమ్మదిగా వెళ్లిపోయాడు. ఈ ప్రయాణాన్ని కాగితం మీద చూపించమన్నారు. ఒకరు చుక్కలు పెట్టారు, చుక్కల మధ్య దూరం వేగాన్ని చెబుతుంది. ఒకరు గీతల వాలును వేగానికి గుర్తుగా వాడారు. ఏ బొమ్మ ఏం చెబుతోంది, ఏం దాస్తోందని గంటల తరబడి వాదించుకున్నారు. చివరికి మనం గ్రాఫు అని పిలిచే దానికి చేరుకున్నారు. టీచరమ్మ నడిపించారు నిజమే, కానీ ముడిసరుకు పిల్లలదే.

మన తరగతి గదిలో

ఇక మన సంగతి. ఎఫ్.ఏ., ఎస్.ఏ. పేపర్లు దిద్దేటప్పుడు మన చేతిలో కీ ఉంటుంది. బిట్ పేపర్లో జవాబు తప్పయితే అడ్డగీత, సరైతే టిక్కు. జె లాంటి విద్యార్థికి మనం టిక్కు వేస్తాం, వాక్యూమ్ క్లీనర్ దగ్గర ఆలోచించి పొరబడిన వాడికి అడ్డగీత వేస్తాం. ఎవరికి ఎంత తెలుసో ఆ గుర్తులు చెప్పవు. ఒకే సంగతిని మూడు చోట్ల మూడు రకాలుగా అడిగితే కొంత తెలుస్తుంది. నిజానికి ఒక్క అదనపు ప్రశ్న చాలు: 'ఎందుకలా అనుకున్నావు?' అది కూడా తప్పు చెప్పినవాణ్ణే కాకుండా సరిగ్గా చెప్పినవాణ్ణి కూడా అడగాలి. తప్పు చెప్పినప్పుడే అడిగితే పిల్లలకు ఆ ప్రశ్న తిట్టులాగా వినిపిస్తుంది.

మీలో కొందరి మనసులో ఉన్న అభ్యంతరం నాకు తెలుసు. నలభై అయిదు నిమిషాల పీరియడ్, అరవై మంది పిల్లలు, డిసెంబరు కల్లా సిలబస్ పూర్తి చెయ్యమని పైనుంచి ఒత్తిడి. ఒక్కొక్కణ్ణీ కూర్చోబెట్టి మాట్లాడించే తీరిక ఎక్కడిది? ఈ అభ్యంతరం న్యాయమైనదే, డిసెస్సా దగ్గర దీనికి మంత్రం లేదు. కానీ శకలాలకు ఒక మంచి గుణం ఉంది. అవి పిల్లలందరిలో దాదాపు ఒకేలా ఉంటాయి, ఎందుకంటే అందరూ బండ్లు తోసినవాళ్లే, చలి కాచుకున్నవాళ్లే. ఒక పిల్లాడి మాట శ్రద్ధగా వింటే పది మంది బుర్రలో ఏముందో తెలుస్తుంది. ఏడాదికి రెండు మూడు పాఠాల్లో అలా విన్నా చాలు, ఆ సంగతి వచ్చే ఏడాది తరగతికీ పనికొస్తుంది.

రెండో అభ్యంతరం: తప్పును తప్పనకుండా ముద్దు చేస్తే పిల్లలు చెడిపోరా? తప్పును తప్పనే చెప్పాలి. తాబేలు ఏటవాలుగానే పోతుంది, పిల్లవాడి ధీమా దాన్ని ఆపలేదు. కానీ జవాబు తప్పని చెప్పడం వేరు, ఆ జవాబు పుట్టిన ఆలోచన పనికిమాలిందని చెప్పడం వేరు. రెండోది విన్న పిల్లవాడు తన అనుభవాన్ని బడి గేటు బయట వదిలేయడం నేర్చుకుంటాడు. అప్పుడు లోపల న్యూటన్, బయట వాడి సొంత లెక్క, రెండూ ఒకదాన్నొకటి పలకరించుకోవు. ఎం.ఐ.టి. దాకా వెళ్లిన జేన్ విషయంలో జరిగింది అదే.

సిద్ధాంతంలో లోటు లేదనను. ఈ శకలాలు వందల్లో, వేలల్లో ఉండవచ్చంటారు డిసెస్సా. అన్ని ఉన్నప్పుడు ఏ జవాబునైనా ఏదో ఒక శకలంతో వివరించేయవచ్చు కదా, మరి తప్పని తేల్చేదెలా అని విమర్శకులు అడుగుతారు. ఆ విమర్శలో బలముంది. పైగా ఈ పని ఎక్కువగా భౌతికశాస్త్రం చుట్టూ, అందులోనూ బలం, చలనం చుట్టూ జరిగింది. చరిత్ర పాఠానికో, వ్యాకరణానికో దీన్ని అలాగే తెచ్చి అతికించలేం. ఉపాధ్యాయుడికి కావలసింది మాత్రం పరిపూర్ణమైన సిద్ధాంతం కాదు, పిల్లల మాట వినడానికి ఒక మంచి కారణం. అది ఇందులో దండిగా ఉంది.

చివరగా ట్రస్టువారికీ, ఇక్కడున్న ప్రధానోపాధ్యాయులకూ ఒక విన్నపం. స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో సర్క్యులర్లు చదువుకోవడం, లెక్కలు అప్పజెప్పుకోవడం ఎలాగూ ఉంటుంది. అందులో అరగంట తీసి, ఆ నెలలో ఒక పిల్లాడు చెప్పిన ఒక్క తప్పు జవాబును పేరు లేకుండా బోర్డు మీద రాయండి. ఆ జవాబులో ఏది నిజం, అది ఎక్కడ పనికొస్తుంది, ఇక్కడ ఎందుకు చాలలేదు అని మూడు ప్రశ్నలు వేసుకుని మాట్లాడుకోండి. తేలింది ఒక నోటుబుక్కులో రాసిపెట్టండి. పదేళ్లకు అది మన పిల్లల ఆలోచనల మీద మన భాషలో మనం రాసుకున్న పుస్తకం అవుతుంది. ట్రస్టు దాన్ని అచ్చు వేయిస్తే, మాస్టారి పేరిట చేసే పనుల్లో అదొక మంచి పని అవుతుందని నా నమ్మకం.